దేన్నైనా సరిగ్గా సగం చేయడం ఎలా? (చెరిసగం పిచ్చి ఉన్నవాళ్ళ కోసం)

నాకో పిచ్చి ఉంది, చెప్తే నవ్వుతారు, కానీ ఇది చదవడానికి కూర్చున్నారంటే మీక్కూడా కాస్తో కూస్తో ఉండే ఉంటుంది. ఏ వస్తువు కనిపించినా దీన్ని సరిగ్గా సగం చేయాలంటే ఎక్కడ కొయ్యాలి అని బుర్ర దానంతటదే లెక్కేసుకుంటుంది. బిస్కెట్, సబ్బు, తాడు, గ్లాసులో నీళ్ళు, టిష్యూ చుట్ట, ఆఖరికి సంవత్సరాన్ని కూడా వదల్లేదు. ఇన్నేళ్ళలో కొన్ని ట్రిక్కులు పట్టుబడ్డాయి, కొన్నిచోట్ల ఘోరంగా బోల్తా పడ్డాను, రెండూ చెప్తాను. సామాను పెద్దగా ఏం అక్కర్లేదు, ఒక స్కేలు, కొంచెం దారం, ఒక ఏ4 కాగితం, పెన్సిల్, పదునున్న కత్తి. వంటింట్లో పెట్టుకునే డిజిటల్ కాటా ఉంటే ఇంకా మంచిది, లేకపోయినా పని నడుస్తుంది.

స్టెప్ 1: సగం అంటే దేంట్లో సగం?

ఇది తేల్చుకోకుండా కత్తి ఎత్తొద్దు. సగం అనేది ఒక్కటి కాదు, కనీసం నాలుగు రకాలుంటాయి: పొడవులో సగం, పైకి కనిపించే వైశాల్యంలో సగం, బరువులో సగం, తినేవాళ్ళ మనసులో సగం. ఇటుక లాంటి వస్తువుకి మొదటి మూడూ ఒకే చోట పడతాయి, మనకి చిన్నప్పట్నుంచీ అలవాటైనవన్నీ పెన్సిలూ బిస్కెట్టూ సబ్బూ లాంటి ఇటుక జాతివే కాబట్టి మధ్యలో కోస్తే సగం అయిపోతుందిలే అని ఫిక్స్ అయిపోతాం. ఒకవైపు లావుగా ఇంకోవైపు సన్నగా ఉన్నదాన్ని చేతికిచ్చి చూడండి, అప్పుడు మొదలవుతుంది తంటా. నాకు క్యారెట్ దగ్గర తెలిసొచ్చింది, ఆ కథ కింద వస్తుంది.

స్టెప్ 2: మీ కంటిని నమ్మకండి

"నాకు చూడగానే తెలిసిపోద్ది" అనేవాళ్ళు ఈ పని చేయండి. కాగితం మీద 20 సెం.మీ. గీత గీసి, స్కేలు పక్కన పెట్టేసి, మధ్య అనుకున్న చోట చుక్క పెట్టి, ఆ తర్వాత కొలవండి. ఒక్కసారి కాదు, ఓ పదిసార్లు, పది గీతల మీద. చాలామందికి చుక్కలు అసలు మధ్య కంటే కొంచెం ఎడమకి పడుతుంటాయి, మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో అనుకోండి, కానీ పడతాయి. దీనికి సూడోనెగ్లెక్ట్ అని పేరు కూడా ఉంది, 1980లో బవర్స్, హైల్‌మన్ అని ఇద్దరు పరిశోధకులు పెట్టిన పేరు. మెదడు కుడి భాగం మన దృష్టిని కాస్త ఎక్కువగా ఎడమవైపుకి లాగుతుంది కాబట్టి అలా జరుగుతుందని వివరణ. ఇంకో సంగతి, మెదడు కుడివైపు స్ట్రోక్ వచ్చిన కొంతమందికి ఎడమవైపు ప్రపంచమే సరిగ్గా పట్టదు, వాళ్ళకి ఇదే గీత ఇచ్చి మధ్యలో గుర్తు పెట్టమంటే బాగా కుడికి పెట్టేస్తారు, డాక్టర్లు నిజంగానే ఈ పరీక్ష చేస్తారు. సరదాకి మొదలుపెట్టిన గీతల ఆట ఆస్పత్రిలో కూడా ఉందని తెలిసినప్పుడు నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

మరి స్కేలు లేకపోతే ఎలా? కంటితోనే చేయండి, కానీ రెండుసార్లు చేయండి. మధ్య అనుకున్న చోట ఒక గుర్తు పెట్టి, వస్తువుని అటుది ఇటు తిప్పి, మొదటి గుర్తుని బొటనవేలితో మూసేసి మళ్ళీ ఇంకో గుర్తు పెట్టండి. కన్ను రెండుసార్లూ ఒకేవైపు మోసం చేస్తుంది, వస్తువు మాత్రం తిరిగింది, కాబట్టి రెండు మోసాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ రెండు గుర్తులకీ మధ్య చోటే మీ సగం. ఈ "తిప్పి మళ్ళీ చూడు" అన్నది గుర్తుపెట్టుకోండి, తూకం దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

స్టెప్ 3: పొడుగ్గా ఉండేవి

తాడు, దారం, రిబ్బన్ అయితే కొలతే అక్కర్లేదు, రెండు కొసలూ కలిపి పట్టుకుంటే మడత పడ్డ చోటే సగం. సాగే తాడైతే మాత్రం లాగకుండా వదులుగా పట్టుకోండి.

మడవలేనివాటికి, అంటే చెక్క, గోడ, టేబుల్ లాంటివాటికి, రెండు పద్ధతులున్నాయి. మొదటిది బద్ధకస్తులది, నాకు ఇష్టమైనది. సగం ఎంతో లెక్కేయకుండా, దాదాపు సగం అనిపించే పొడవు ఏదో ఒకటి తీస్కోండి, ఒక పుల్ల ముక్క అయినా పర్లేదు. దాన్ని ఎడమ చివర్నుంచి పెట్టి ఒక గుర్తు, కుడి చివర్నుంచి పెట్టి ఇంకో గుర్తు. రెండు గుర్తులూ దగ్గర దగ్గరగా పడతాయి, వాటి మధ్యనున్న ఆ చిన్న సందుకి మధ్యలో చుక్క పెట్టేయండి. సందు ఒక సెంటీమీటరే కాబట్టి కంటితో పెట్టినా తప్పు అర మిల్లీమీటర్ కూడా రాదు. రెండు మీటర్ల గోడకైనా ఇంతే.

రెండోది స్కేలు వాల్చడం. చెక్క వెడల్పు 17.3 సెం.మీ. అనుకోండి, ఇప్పుడు 17.3లో సగం 8.65, ఆ 8.65ని స్కేలు మీద వెతుక్కుని, కళ్ళు చిట్లించి, అదంతా ఎందుకు? స్కేలుని ఏటవాలుగా పెట్టండి, సున్నా ఒక అంచు మీద, 20 అవతలి అంచు మీద పడేదాకా వాల్చండి. 10 దగ్గర చుక్క. అయిపోయింది. అంచులు రెండూ సమాంతరంగా ఉంటే చాలు, స్కేలు ఎంత వాలినా 10 ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. పొడవంతా గీత కావాలంటే ఇంకోచోట కూడా ఇలాగే చుక్క పెట్టి రెండూ కలపండి. వడ్రంగం చేసేవాళ్ళ చేతుల్లో రోజూ ఆడే ట్రిక్ ఇది, చూసిన రోజు ఇంట్లో ఉన్న చెక్కలన్నింటికీ మధ్యలో చుక్కలు పెట్టి తిట్లు తిన్నాను.

స్టెప్ 4: కాగితం

మడవడం తెలియనిదెవరికి అంటారు, కానీ మడత వంకరపోయేది ఎక్కడంటే అంచులు సరిగ్గా కలిపాక చివర్నుంచి నొక్కుకుంటూ రావడం దగ్గర. మూలలు కలిపి ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, ముందు మడత మధ్యలో వేలితో నొక్కి, అక్కడ్నుంచి రెండువైపులకీ గీరుకుంటూ వెళ్ళండి. తేడా మీకే కనిపిస్తుంది.

ఏ4 కాగితం నాలాంటి వాళ్ళకోసమే పుట్టిందనుకుంటా. దాని కొలత 210 ఇంటూ 297 మిల్లీమీటర్లు, పొడవుని వెడల్పుతో భాగిస్తే రూట్ 2 వస్తుంది, దాదాపు 1.414. ఈ ఒక్క నిష్పత్తికే ఒక విచిత్రం ఉంది, అడ్డంగా సగం చేస్తే వచ్చే ముక్క కూడా అచ్చం అదే ఆకారంలో ఉంటుంది. ఏ4ని సగం చేస్తే ఏ5, అది 148 ఇంటూ 210, దాన్ని సగం చేస్తే ఏ6, అలా పోతూనే ఉంటుంది. పైకెళ్తే ఏ0 దగ్గర వైశాల్యం సరిగ్గా ఒక చదరపు మీటరు. జర్మనీలో లిక్టెన్‌బెర్గ్ అనే సైంటిస్టు 1786లోనే ఒక ఉత్తరంలో ఈ నిష్పత్తి గురించి రాశాడు, కానీ అది అక్కడ అధికారికంగా స్టాండర్డ్ అయ్యేసరికి 1922 వచ్చింది. ఈ నిష్పత్తి లేని కాగితం ఏదైనా తీస్కుని మడిచి చూడండి, మొదటి మడతకి ఒకలా, రెండో మడతకి ఇంకోలా ఉంటుంది, చూడ్డానికే చిరాగ్గా.

ఎన్నిసార్లు సగం చేయొచ్చు అని మీకూ డౌటు వచ్చి ఉంటుంది. మామూలు కాగితం ఏడోసారికే 128 పొరలైపోయి మొండికేస్తుంది. 2002లో బ్రిట్నీ గాలివాన్ అనే అమెరికా స్కూలమ్మాయి 1200 మీటర్ల పొడవున్న టాయిలెట్ పేపర్ తీస్కుని ఒకే దిశలో 12 సార్లు మడిచింది, పైగా ఎంత పొడవుంటే ఎన్ని మడతలు పడతాయో లెక్క కూడా కట్టి చూపించింది. నా రికార్డు ఏడు, దాని గురించి ఇక మాట్లాడుకోవద్దు.

స్టెప్ 5: గుండ్రటివి, నలుచదరం కేకులు, చిల్లుపడ్డ కేకులు

గుండ్రటిదాన్ని సగం చేయడానికి మధ్యబిందువు మీదుగా కోస్తే చాలు, ఎటైనా పర్లేదు. అసలు చిక్కు ఆ మధ్యబిందువు ఎక్కడుందో కనుక్కోవడం. ఇక్కడే ఏ4 కాగితం మళ్ళీ పనికొస్తుంది. కాగితం మూలని ప్లేటు అంచుకి సరిగ్గా తగిలేలా పెట్టండి, మిగతా కాగితం ప్లేటు మీదే పరుచుకుని ఉండాలి. ఆ మూల నుంచి బయల్దేరిన రెండు కాగితపు అంచులూ ప్లేటు అంచుని ఇంకో రెండు చోట్ల దాటతాయి కదా, ఆ రెండు చోట్లా గుర్తు పెట్టి కలపండి, అదే వ్యాసం. సరిగ్గా సగం. అర్ధవృత్తంలో కోణం ఎప్పుడూ 90 డిగ్రీలే అని స్కూల్లో బట్టీ పట్టినది ఇదే, థేల్స్ సిద్ధాంతం అంటారు, అది ప్లేట్లమీద పనికొస్తుందని మాత్రం అప్పుడెవరూ చెప్పలేదు. కాగితాన్ని ఇంకోచోట పెట్టి రెండో గీత గీస్తే రెండూ కలిసే చోటు మధ్యబిందువు. కేకు మీదే గీతలు గీయలేం కాబట్టి కేకు పెట్టే అట్టని ముందే గుర్తు పెట్టి ఉంచుకోండి.

పిజ్జాకి ఇంకో రకం సగం ఉంది, అంచులు ఇష్టపడేవాళ్ళు, మధ్య భాగం ఇష్టపడేవాళ్ళు ఇద్దరూ ఉంటే ఇది బెస్ట్. మధ్యలో గుండ్రంగా ఒకటి, చుట్టూ రింగు ఒకటి, రెండూ సమానం కావాలి. చాలామంది వ్యాసార్ధంలో సగం దగ్గర కోస్తారు, అలా కోస్తే మధ్యవాడికి నాలుగోవంతే దక్కుతుంది, పాపం. కోయాల్సింది వ్యాసార్ధంలో 0.707 దగ్గర, అంటే 30 సెం.మీ. పిజ్జాకి మధ్య నుంచి 10.6 సెం.మీ. దూరంలో. చుట్టూ మిగిలే రింగు వెడల్పు 4.4 సెం.మీ.యే, చూడ్డానికి సన్నగా, అన్యాయంగా కనిపిస్తుంది, కానీ సరిగ్గా సగం. ఒక్క త్రికోణపు ముక్కని ఇద్దరు పంచుకోవాలన్నా ఇదే లెక్క, కొన నుంచి 10.6 దగ్గర, బయటి అంచులాగే వంపుగా.

నలుచదరం కేకు అయితే మూల నుంచి మూలకి గీతలు రెండు ఊహించుకుంటే కలిసేచోటు మధ్య. ఆ మధ్య మీదుగా నిలువుగానో అడ్డంగానో ఏటవాలుగానో ఎలా కోసినా సగమే. ఇప్పుడు అసలు మజా: మీరు వచ్చేలోపే ఎవరో ఆ కేకులోంచి ఒక నలుచదరపు ముక్క ఎక్కడో ఒక చోట, వంకరగా, కోసుకుని తినేశారు. మిగిలినదాన్ని ఒకే కోతతో సగం చేయాలి. ఎలా? మొత్తం కేకు మధ్య ఎక్కడో చూడండి, ఆ పోయిన చిల్లు మధ్య ఎక్కడో చూడండి, రెండూ కలుపుతూ తిన్నగా కోసేయండి. ఆ గీత కేకునీ సగం చేస్తుంది, చిల్లునీ సగం చేస్తుంది, సగంలోంచి సగం పోతే రెండువైపులా మిగిలింది సమానమే. ఇది నేను ఒక పుట్టినరోజు పార్టీలో చేసి చూపించాను, ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కేకు ఎందుకు వంకరగా కోశావని అడిగారు.

శాండ్‌విచ్ గురించి కూడా ఒక సిద్ధాంతం ఉంది, పేరే హామ్ శాండ్‌విచ్ సిద్ధాంతం. పైబ్రెడ్డు, కిందిబ్రెడ్డు, మధ్యలో సరుకు, మూడూ ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా, మూడింటినీ ఒకేసారి సరిగ్గా సగం చేసే తిన్నని కోత ఒకటి కచ్చితంగా ఉంటుంది. 1938లో స్టెఫాన్ బానాక్ అనే గణితవేత్త దీన్ని నిరూపించాడు, తర్వాత 1942లో స్టోన్, ట్యూకీ అని ఇంకో ఇద్దరు ఎన్ని కొలతలున్న ప్రపంచంలోనైనా ఇలాంటిది నిజమేనని చూపించారు. కాకపోతే ఉంటుందనే చెప్తుంది, ఎక్కడుంటుందో చెప్పదు. అందుకని శాండ్‌విచ్ ముందు కత్తి పట్టుకుని నిలబడ్డ మనకి ధైర్యం తప్ప ఒరిగేదేం లేదు.

స్టెప్ 6: క్యారెట్

ఇక నా పరువు పోయిన చోటు. ఒకరోజు క్యారెట్‌ని సరిసగం చేయాలని కూర్చున్నాను, ఎంచక్కా దాన్ని చూపుడు వేళ్ళ మీద పెట్టాను, రెండు చివర్లా రెండు వేళ్ళు. మెల్లగా వేళ్ళు దగ్గరికి జరుపుతూ పోతే ఒకసారి ఈ వేలు జారుతుంది, ఒకసారి ఆ వేలు జారుతుంది, ఆఖరికి రెండూ ఒకచోట కలుస్తాయి, క్యారెట్ పడిపోకుండా నిలబడుతుంది. బరువు ఎక్కువ పడ్డ వేలికి రాపిడి ఎక్కువ కాబట్టి అది ఆగుతుంది, రెండోది జారుతుంది, అలా వంతులవారీగా జరిగి సరిగ్గా బ్యాలెన్స్ అయ్యే చోటుకే వస్తాయి, చీపురుతోనో కర్రతోనో మీరూ చేసి చూడండి, భలే ఉంటుంది. నేను ఆ చోట కత్తితో చిన్న గాటు పెట్టి, ఇటెంత బరువో అటంత బరువు అని గట్టిగా ప్రకటించి, కోశాను. మా చెల్లి ఏం మాట్లాడకుండా కాటా తెచ్చింది. లావు ముక్క 61 గ్రాములు. సన్న ముక్క 44.

కాటా పాడైందన్నాను. బ్యాటరీ మార్చాను. అదే 61, అదే 44.

ఏం జరిగిందంటే, బ్యాలెన్స్ అవ్వడం వేరు, బరువు సమానం అవ్వడం వేరు. పార్కులో పిల్లలు పైకీ కిందికీ ఊగే బల్ల గుర్తుచేసుకోండి, ఒక చివర చిన్నపిల్లాడు దూరంగా కూర్చుంటే, ఇటువైపు వాళ్ళ నాన్న మధ్యకి దగ్గరగా జరిగి కూర్చున్నా బల్ల సమంగా నిలుస్తుంది. ఇద్దరి బరువూ ఒకటేనా? కాదు కదా. క్యారెట్ సన్నకొన దూరంగా ఉంది కాబట్టి తక్కువ బరువుతోనే లావు భాగాన్ని ఆపగలిగింది. పక్కా శంకువు ఆకారం అయితే లెక్క ఇలా ఉంటుంది: 20 సెం.మీ. క్యారెట్ కొన నుంచి 15 సెం.మీ. దగ్గర బ్యాలెన్స్ అవుతుంది, అక్కడ కోస్తే కొన ముక్కలో 42 శాతం, లావు ముక్కలో 58 శాతం. నిజమైన సగం ఇంకా లావువైపుకి, కొన నుంచి 15.9 దగ్గర ఉంది, అంటే పొడవులో 79 శాతం దాటాక. ఒకవైపు నాలుగు సెంటీమీటర్ల బిళ్ళ, ఇంకోవైపు పదహారు సెంటీమీటర్ల పొడుగు ముక్క, రెండూ సమానమంటే ఎవరూ నమ్మరు.

త్రికోణపు అట్టముక్కకీ ఇదే రోగం. దాని బ్యాలెన్స్ చోటు మీదుగా ఒక భుజానికి సమాంతరంగా కోస్తే సగం రాదు, తొమ్మిదింట నాలుగు ఒకవైపు, అయిదు ఇంకోవైపు పోతాయి. త్రికోణాన్ని సగం చేయాలంటే ఒక మూల నుంచి ఎదుటి భుజం మధ్యకి కొయ్యండి, గొడవ ఉండదు.

మరి నిజమైన క్యారెట్ పక్కా శంకువు కాదు కదా, వంకర్లు, బుడిపెలు ఉంటాయి, దానికేంటి దారి? నీళ్ళు. గీతలున్న కొలజాడీలో నీళ్ళు పోసి మట్టం ఎక్కడుందో చూడండి, 500 అనుకోండి. క్యారెట్‌ని కొన కిందికి పెట్టి మొత్తం ముంచండి, తేలుతుంటే టూత్‌పిక్‌తో గుచ్చి అదిమిపట్టండి, వేళ్ళు ముంచితే వేళ్ళ లెక్క కూడా కలిసిపోతుంది. మట్టం 600కి వచ్చింది, అంటే క్యారెట్ 100 మిల్లీలీటర్లు. ఇప్పుడు బయటికి తీసి తుడిచి, మళ్ళీ మెల్లగా ముంచుకుంటూ రండి, మట్టం 550 తాకగానే ఆపండి. నీటి అంచు క్యారెట్‌ని ఎక్కడ తాకుతోందో అక్కడ గోరుతో గుర్తు పెట్టండి, కొయ్యండి. ఈ పద్ధతికి ఆకారంతో పనిలేదు, అరటిపండుకైనా పియర్ పండుకైనా పనిచేస్తుంది. ఈసారి నా ముక్కలు 51, 52 వచ్చాయి, చెల్లి ఆ ఒక గ్రాము గురించి వారం రోజులు మాట్లాడింది.

స్టెప్ 7: నీళ్ళు, పాలు, జ్యూసులు

కొలత గీతలు లేని గ్లాసులో సరిగ్గా సగం ఉంచాలంటే, అది కింద నుంచి పైదాకా ఒకే వెడల్పున్న గ్లాసైతే, వాల్చండి. నిండు గ్లాసు మెల్లగా వాల్చుకుంటూ ఒలికించండి, నీళ్ళు ఇటు పెదవి అంచునీ అటు అడుగు మూలనీ ఒకేసారి తాకుతున్నప్పుడు ఆపండి, అంటే అడుగు అప్పుడే కనబడబోతున్న క్షణం. అదే సగం, కచ్చితంగా. నీటి మట్టం గ్లాసు నడిమధ్య మీదుగా పోతుంది కాబట్టి పైన ఎంత ఖాళీయో కింద అంతే నీళ్ళు. డబ్బాలకి, డ్రమ్ములకి కూడా ఇదే.

అడుగు సన్నగా పైన వెడల్పుగా ఉన్న గ్లాసుతో మాత్రం జాగ్రత్త, ఎత్తులో సగం అంటే సగం కంటే తక్కువే. కోన్ ఆకారం గ్లాసైతే క్యారెట్ లెక్కే, ఎత్తులో 79 శాతం దాకా పోస్తేగానీ సగం అవ్వదు. సగం బంతిలా ఉండే గుండ్రటి గిన్నెకి 65 శాతం. మీకు ఎవరైనా కోన్ గ్లాసులో సగం ఎత్తుదాకా పోసి "సగం పోశా" అంటే, ఎనిమిదోవంతు పోశారని అర్థం.

ఇద్దరికి పంచాలంటే ఒకేరకం గ్లాసులు రెండు పక్కపక్కన పెట్టి, కంటిని మట్టం దాకా దించి చూడండి, నిలబడి పైనుంచి చూడకండి. ఒకవేళ మీ దగ్గర గీతల్లేని 8, 5, 3 లీటర్ల పాత్రలు మూడే ఉండి, ఎనిమిది నిండా ఉండి, నాలుగు నాలుగు చేయాల్సి వస్తే (నిజ జీవితంలో నాకెప్పుడూ రాలేదు, రావాలని కోరిక) ఇలా ఒంపండి: 8లోంచి 5లోకి, 5లోంచి 3లోకి, 3లోంచి 8లోకి, 5లో మిగిలిన రెండూ 3లోకి, మళ్ళీ 8లోంచి 5లోకి, 5లోంచి 3 నిండేదాకా, ఆఖరికి 3లోవి 8లోకి. ఏడు ఒంపులు, రెండింట్లో నాలుగేసి.

సగం గుడ్డు కావాలంటే కూడా ఇది నీళ్ళ జాతే. పచ్చసొన, తెల్లసొన బాగా గిలక్కొట్టి కలిపేసి తూకం వేయండి, పెద్ద గుడ్డు పెంకు లేకుండా 50 గ్రాముల దాకా ఉంటుంది, 25 తీస్కోండి.

స్టెప్ 8: పొడులు, పలుకులు, తూకం

డిజిటల్ కాటా ఉంటే చెప్పేదేముంది. లేకపోతే బట్టల హ్యాంగర్‌ని మేకుకి తగిలించి, రెండు చివర్లా ఒకేలాంటి కవర్లు కట్టండి, అటూ ఇటూ వేస్తూ సమం చేయండి. సమం అయ్యాక కవర్లు మార్చి చూడండి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. ఇంకా సమంగానే ఉంటే నిజంగా సగం. ఒకవైపు వాలిందా, హ్యాంగర్‌దే తప్పు, వాలినవైపు కవర్లోంచి కొంచెం తీసి రెండోదాంట్లో వేయండి, మళ్ళీ మార్చి చూడండి, రెండుమూడు సార్లకి సర్దుకుంటుంది. హ్యాంగరే వంకరది కాబట్టి కాస్త వాలడం పోదు, కవర్లు ఎటుమార్చినా ఒకేవైపు, ఒకేలా వాలేదాకా చేయాలి. తీసింది రెండోదాంట్లోకే వెళ్ళాలి సుమా, నోట్లోకి కాదు, రెండు పిల్లులకి రొట్టె పంచిన కోతి అక్కడే బాగుపడింది.

టిష్యూ చుట్టలు, టేపు చుట్టలు సగం అయ్యాయా లేదా అని చూసి చెప్పలేం. చుట్ట 12 సెం.మీ. అడ్డం, మధ్య గొట్టం 4 సెం.మీ. అయితే, బయటి అడ్డం 9 సెం.మీ.కి రాగానే సగం అయిపోయినట్టు. మందంలో ఇంకా 60 శాతం పైన ఉన్నట్టే కనిపిస్తుంది, అందుకే టేపు ఎప్పుడూ అనుకున్నదానికంటే ముందే అయిపోతుంది.

సంవత్సరానికి సగం కావాలంటే లీపు కాని ఏడాదిలో జూలై 2 మధ్యాహ్నం 12 గంటలు, ఆ రోజుకి ముందు 182 రోజులు, వెనక 182 రోజులు. లీపు ఏడాదిలో జూలై 1 అయిపోయి 2 మొదలయ్యే అర్ధరాత్రి. నేను ఆ టైముకి అలారం పెట్టుకుంటాను, ఎందుకని అడగకండి.

ఒక్క చోట మాత్రం ఈ పిచ్చి కట్టిపెట్టండి: మందు బిళ్ళలు. మధ్యలో గాడి ఉన్నవాటిని కూడా డాక్టర్నో ఫార్మసిస్టునో అడిగాకే విరవండి, మెల్లమెల్లగా కరిగి గంటలకొద్దీ పనిచేసేలా తయారుచేసిన బిళ్ళల్ని విరిస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోవచ్చు.

స్టెప్ 9: ఎదురుగా ఇంకో మనిషి ఉన్నప్పుడు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పక్కన పెట్టేయొచ్చు, ఒకళ్ళు కొయ్యాలి, ఇంకొకళ్ళు ముందు తీస్కోవాలి. అంతే. కోసేవాడికి తక్కువ ముక్క మిగులుతుందేమోనన్న భయం ఉంటుంది కాబట్టి తన కళ్ళకి సమానంగానే కోస్తాడు, తీస్కునేవాడికి నచ్చినదే దొరుకుతుంది కాబట్టి నోరు మెదపడు. ఇది పిల్లల ఆట అనుకోకండి, 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలో కూడా ఉంది. దేశాల హద్దులు దాటాక సముద్రం అడుగున ఖనిజాలు తవ్వుకుంటామని అప్లై చేసేవాళ్ళు, తాము అడిగిన ప్రాంతాన్ని సమానమైన విలువ ఉండేలా రెండుగా విడగొట్టి చూపించాలి, అందులో ఒకదాన్ని సముద్రగర్భ అథారిటీ తన వాటాగా ఎంచుకుని పక్కన పెడుతుంది.

ఒక్క కిటుకు చెప్తాను: ఇద్దరి ఇష్టాలూ వేరని తెలిస్తే కోసే పని మీరే తీస్కోండి. ఎదుటివాళ్ళు క్రీము మనిషి అనుకోండి, క్రీము ఎక్కువున్న చిన్నముక్క ఒకటి, క్రీము తక్కువున్న పెద్దముక్క ఒకటి చేస్తే, వాళ్ళు ఆనందంగా చిన్నది పట్టుకుపోతారు. ఇష్టాలు తెలియకపోతే మాత్రం కొయ్యమని వాళ్ళకే వదిలేసి మీరు ఎంచుకోవడం మేలు.

మా ఇంట్లో కోసేది ఎప్పుడూ నేనే. స్కేలు వాల్చి, కాగితం మూల పెట్టి, అర మిల్లీమీటర్ తేడా రాకుండా కోసి ప్లేటు ముందుకి తోస్తాను. చెల్లి వంగి ఇటునుంచి చూస్తుంది, ప్లేటు తిప్పి అటునుంచి చూస్తుంది, "అన్నయ్యా, ఇదే కొంచెం పెద్దది కదూ" అంటుంది. కాదు, రెండూ ఒకటేనంటే వినదు, ఆగు కాటా తెస్తానని నేను లోపలికి వెళ్ళొచ్చేసరికి తన ముక్క తినేసి ఉంటుంది, మిగిలిన ఒక్క ముక్కనే తూకం వేసుకుని చూస్తూ కూర్చుంటాను.